సీబీపీ రిపోర్టులో తెల్ల రక్తకణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జ్వరం వచ్చిన మూడో రోజో నాలుగో రోజో సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్) రిపోర్టు చేతికొస్తే అందరూ ముందు ప్లేట్‌లెట్లు చూస్తారు. ఆ తర్వాత చూపు పడేది ముద్ద అక్షరాల్లో ఉన్న తెల్లకణాల అంకె మీద. ఆ ఒక్క అంకెతో తెలిసేది చాలా తక్కువ. ఏ రకం కణం పెరిగింది, ఎంత పెరిగింది, ఎవరి ఒంట్లో, జబ్బు ఎన్నో రోజున అన్నవి కలిపి చూస్తేనే దానికి అర్థం. ల్యాబ్‌లలోనూ ఓపీల్లోనూ ఎక్కువగా వినబడే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి.

రక్తంలో తెల్లకణాలు ఎన్ని ఉండాలి?

పెద్దవాళ్లకు ఒక మైక్రోలీటరు రక్తంలో 4,000 నుంచి 11,000. ల్యాబ్ కాగితాల మీద క్యూబిక్ మిల్లీమీటరు అని ఉన్నా అదే కొలత. అంత రక్తంలోనే ఎర్రకణాలు 40 నుంచి 55 లక్షల దాకా ఉంటాయి, అంటే సుమారు ఆరేడు వందల ఎర్రకణాలకు ఒక తెల్లకణం. రక్తాన్ని ట్యూబులో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున ఎర్రకణాలు, పైన పసుపురంగు ప్లాస్మా తేరుకుంటాయి. ఆ రెంటి మధ్య దారంలా కనబడే తెల్లటి పొరే బఫీ కోట్. తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ ఉండేది అందులో.

ఒంట్లో ఉన్న తెల్లకణాల్లో రక్తంలో తిరిగేవి కొద్దిభాగమే. ఎముక మజ్జలో నిల్వ ఉన్నవి, లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగు గోడల్లో ఉన్నవి ఇంతకంటే ఎన్నో రెట్లు. రక్తం వాటికి రోడ్డు లాంటిది, పని జరిగేది కండరంలో, చర్మంలో, ఊపిరితిత్తుల్లో. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రక్తనాళాల్లో ఉన్న న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం నాళాల గోడలకు అంటుకుని ఉంటాయి, సూదితో తీసిన రక్తంలోకి రావు. కౌంట్ అకారణంగా పెరిగినట్టు కనిపించే చాలా సందర్భాల్లో జరిగేది ఇవి గోడ వదిలి ప్రవాహంలోకి రావడమే.

డిఫరెన్షియల్ కౌంట్‌లో ఉండే ఐదు పేర్లు ఏమిటి?

న్యూట్రోఫిల్స్ 40 నుంచి 75 శాతం. బ్యాక్టీరియా మీదికి, ఫంగస్ మీదికి ముందు వెళ్లేవి ఇవే. కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా విడిపోయి ఉంటుంది. రక్తంలో ఉండేది కొన్ని గంటలు, మహా అయితే ఒక రోజు. అందుకే మజ్జ రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తూనే ఉండాలి. కీమోథెరపీతో మజ్జ ఆగితే ముందు పడిపోయేవి ఇవే కావడానికి కారణం ఇది. నాలుగు నెలలు బతికే ఎర్రకణాలకు ఆ దెబ్బ ఆలస్యంగా తెలుస్తుంది.

లింఫోసైట్స్ 20 నుంచి 40 శాతం. సూక్ష్మదర్శినిలో అన్నీ ఒకేలా, గుండ్రటి ముదురు కేంద్రకంతో కనిపిస్తాయి కానీ లోపల మూడు తెగలు. టీ కణాలు వైరస్ సోకిన కణాలను చంపుతాయి, మిగతా కణాలను నడిపిస్తాయి. బీ కణాలు యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలుగా మారతాయి. ఎన్‌కే కణాలు ముందు పరిచయం లేకపోయినా సోకిన కణాన్ని పట్టేస్తాయి. మామూలు సీబీపీలో ఈ మూడింటి లెక్కా కలిపే వస్తుంది.

మోనోసైట్స్ 2 నుంచి 10 శాతం. ఒకటి రెండు రోజులు రక్తంలో తిరిగి, కణజాలంలోకి దిగి మాక్రోఫేజ్‌లవుతాయి. టీబీ క్రిమి తంటా అంతా ఈ మాక్రోఫేజ్‌తోనే: తనను మింగిన కణంలోనే అది చావకుండా కాపురం పెడుతుంది. టీ కణాలు, మాక్రోఫేజ్‌లు చుట్టూ చేరి కట్టే గడ్డే గ్రాన్యులోమా.

ఈసినోఫిల్స్ 1 నుంచి 6 శాతం, ఇటుకరంగు గింజలతో స్లైడ్ మీద ఇట్టే తెలుస్తాయి. నులిపురుగుల జాతి మీద, అలర్జీల్లో పనిచేస్తాయి. బేసోఫిల్స్ ఒక శాతం లోపే. రిపోర్టులో సున్నా అని వచ్చినా ఏమీ కాదు.

కాల్లో ముల్లు దిగితే లోపల జరిగేదేమిటి?

ముల్లుతో పాటు చర్మం మీది బ్యాక్టీరియా లోపలికి పోతుంది. అక్కడ ముందే ఉన్న మాస్ట్ కణాలు నిమిషాల్లో హిస్టమిన్ వదులుతాయి, చిన్న నాళాలు వెడల్పవుతాయి, ఆ చోటు ఎర్రబడి వెచ్చబడుతుంది. స్థానిక మాక్రోఫేజ్‌లు సైటోకైన్లనే రసాయనాలు వదులుతాయి. వాటితో నాళం లోపలి గోడ మీద సెలెక్టిన్లనే అణువులు లేస్తాయి. వేగంగా పోతున్న న్యూట్రోఫిల్ వాటికి తగిలి నెమ్మదించి, గోడ వెంట దొర్లుతుంది. తర్వాత ఇంటిగ్రిన్లతో గట్టిగా అతుక్కుని, నాళపు కణాల సందులోంచి తన ఒంటిని సాగదీసుకుని బయటికి దూరుతుంది. కొన్ని గంటల్లోనే ఆ చోట న్యూట్రోఫిల్స్ కిక్కిరిసిపోతాయి.

బ్యాక్టీరియాను మింగాక లోపలి సంచిలో హైడ్రోజన్ పెరాక్సైడ్, దాన్నుంచి హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేసి చంపుతుంది. బ్లీచింగ్ పౌడరు నీళ్లలో పనిచేసేదీ ఆ ఆమ్లమే. దాన్ని తయారుచేసే మైలోపెరాక్సిడేజ్ ఎంజైమ్ ఆకుపచ్చ రంగులో ఉంటుంది, చీముకు పచ్చదనం దానివల్లే. చీమంటే చచ్చిన న్యూట్రోఫిల్స్, చచ్చినవీ చావనివీ కలిసిన బ్యాక్టీరియా, కరిగిన కణజాలం. ఒకటి రెండు రోజులకు మోనోసైట్స్ వచ్చి ఆ చెత్తను మింగి శుభ్రం చేస్తాయి. ముల్లు లోపలే ఉండిపోతే ఈ పని తెమలదు. అందుకే పెద్ద చీముగడ్డకు యాంటీబయాటిక్ మింగడం ఒక్కటే చాలదు, కోసి చీము తీయాల్సి వస్తుంది.

ఈ విద్యను మొదట పట్టుకున్నదీ ముల్లుతోనే. 1882లో ఇటలీలోని మెస్సీనాలో రష్యా శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోఫ్ నక్షత్రచేప పిల్లల పారదర్శక శరీరంలో ముళ్లు గుచ్చి, కదిలే కణాలు వాటి చుట్టూ చేరడం చూశాడు. రంగులద్ది తెల్లకణాల రకాలను విడదీసిన పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకు 1908లో నోబెల్ ఇచ్చారు.

టీకా వేసుకుంటే తెల్లకణాల్లో ఏం మారుతుంది? కౌంట్ పెరుగుతుందా?

కౌంట్ గురించి పట్టించుకోనక్కర్లేదు. మారేది జ్ఞాపకం. ఒక క్రిమిని గుర్తించగల టీ, బీ కణాలు మొదట్లో అతి కొద్ది ఉంటాయి. అవి లింఫ్ గ్రంథిలో ఆ క్రిమి ముక్కను చూసి, విభజన చెంది, యాంటీబాడీ తగినంత రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రెండోసారైతే జ్ఞాపక కణాలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి రెండు మూడు రోజుల్లోనే మొదలవుతుంది.

కుక్కకాటు చికిత్స మొత్తం ఈ రోజుల లెక్క మీదే నడుస్తుంది. మొదటిసారి కరిచి రక్తం వస్తే, గాయాన్ని సబ్బుతో, ధారగా నీళ్లతో 15 నిమిషాలు కడగాలి, గాయంలోనే రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ (ముందే తయారైన యాంటీబాడీలున్న సీరం) వేయించాలి, టీకా మొదలుపెట్టాలి. మన బీ కణాలు యాంటీబాడీ తయారుచేసేదాకా ఆ సీరం పనిచేస్తుంది. ఇంతకుముందే పూర్తి కోర్సు చేసుకున్నవాళ్లను మళ్లీ కుక్క కరిస్తే సీరం అక్కర్లేదు, 0వ రోజు, 3వ రోజు రెండు డోసులు చాలు. అందుకే పాత టీకా చీటీ పారేయకండి.

రిపోర్టులో 7.2 అని ఉంది, ఇంకో ల్యాబ్‌లో 7,200 అన్నారు. ఏది సరి?

రెండూ ఒకటే. మొదటిది వేలల్లో రాసింది. అమెరికా, బ్రిటన్ రిపోర్టుల్లో యూనిట్ వేరుగా కనిపించినా అంకె 7.2 గానే వస్తుంది. అక్కడున్న పిల్లలు పంపిన రిపోర్టులో 7 చూసి కంగారుపడే తల్లిదండ్రులు చాలామంది.

లింఫోసైట్స్ 60 శాతం అని ఎర్రగా చూపించారు. ప్రమాదమా?

శాతాలు చూసి తీర్మానం చేయొద్దు. మొత్తం కౌంట్‌ను శాతంతో గుణించి 100తో భాగిస్తే అసలు సంఖ్య వస్తుంది. మొత్తం 4,000, లింఫోసైట్స్ 60 శాతం అయితే 2,400. అది మామూలే, పెద్దవాళ్లకు 1,000 నుంచి 4,000 ఉండొచ్చు. అక్కడ అసలు సంగతి న్యూట్రోఫిల్స్ తగ్గడం. ఒకదాని శాతం తగ్గితే మిగతావాటి శాతం తనంతట పెరిగినట్టు కనిపిస్తుంది. కొత్త మిషన్లు అబ్సల్యూట్ కౌంట్ అనే గడిలో ఈ అసలు సంఖ్యనే ఇస్తాయి, చదవాల్సింది ఆ గడి.

స్లైడ్ మీద చేత్తో లెక్కేసేది సాధారణంగా 100 కణాలు. ఆ లెక్కలో 4 శాతం వచ్చిందంటే నిజంగా ఉన్నది 1 నుంచి 10 శాతం మధ్య ఎక్కడైనా కావచ్చు. నిన్న 3, ఇవాళ 6 అని వచ్చినంత మాత్రాన ఏదో పెరిగిపోయిందనుకోకూడదు.

కౌంట్ 15,000 వచ్చింది. ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టేనా?

న్యూట్రోఫిల్స్ పెరిగి, స్లైడ్ మీద పూర్తిగా పండని బ్యాండ్ కణాలు, టాక్సిక్ గ్రాన్యూల్స్ (కణంలో ముదురు గింజలు) కనిపిస్తే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ వైపు మొగ్గు చూపొచ్చు. న్యుమోనియా, అపెండిసైటిస్, మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్, ఎక్కడో చీముగడ్డ ఇలా కనిపిస్తాయి. ఇన్‌ఫెక్షన్ లేకుండానూ పెరుగుతుంది: గుండెపోటు, కాలిన గాయాలు, ఆపరేషన్ తర్వాత, మూర్ఛ వచ్చాక, గట్టిగా పరుగెత్తాక, చివరికి పిల్లవాడు సూదికి భయపడి గుక్కపట్టి ఏడ్చినా. పొగతాగేవాళ్లకు మామూలు రోజుల్లోనే కాస్త ఎక్కువ ఉంటుంది.

వీటన్నిటికంటే ఎక్కువ తప్పుదోవ పట్టించేది స్టెరాయిడ్. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ పడిన కొన్ని గంటల్లోనే గోడకు అంటుకున్న న్యూట్రోఫిల్స్ ప్రవాహంలోకి వస్తాయి, మజ్జలోవీ బయటికొస్తాయి. జ్వరానికి ఊళ్లో సూది వేయించుకుని, మర్నాడు పట్నంలో టెస్టు చేయించుకుంటే కౌంట్ పెరిగి ఉంటుంది, దాన్ని చూసి అక్కర్లేని యాంటీబయాటిక్ రాసేస్తారు. ఆ సూదిలో ఏముందో అడిగి తెలుసుకోండి. ఆయాసానికి వాడే మాత్రల సంగతీ అంతే.

డెంగీలో, టైఫాయిడ్‌లో తెల్లకణాలు తగ్గుతాయంటారు, నిజమేనా?

డెంగీలో తగ్గుతాయి. 5,000 కంటే తక్కువ కావడం అనుమానానికి బలమిచ్చే లక్షణాల్లో ఒకటి. వరుస గమనించండి: ముందు తెల్లకణాలు పడతాయి, తర్వాత ప్లేట్‌లెట్లు. జ్వరం తగ్గే సమయంలో, అంటే మామూలుగా 3 నుంచి 7వ రోజు మధ్య, కొందరిలో ప్లాస్మా నాళాల బయటికి కారి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) పెరుగుతుంది. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే. జ్వరం పోయిందని ఇంటికి వెళ్లిపోతామనేది కూడా అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయన్నది పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. కోలుకునేటప్పుడు కూడా ముందు పెరిగేది తెల్లకణాలే, ప్లేట్‌లెట్లు వెనక వస్తాయి. తెల్లకణాలు 2,500 నుంచి 4,000 దాటి, జ్వరం పోయి, ఆకలి పుట్టిందంటే ఆ రోజు ప్లేట్‌లెట్లు ఇంకా తక్కువే ఉన్నా అది మంచి కబురు.

టైఫాయిడ్‌లో కౌంట్ మామూలుగానో కాస్త తక్కువగానో ఉంటుంది, ఈసినోఫిల్స్ దాదాపు కనిపించవు. అది సూచన మాత్రమే. తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష. మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు, పెద్దవాళ్లకైతే 8 నుంచి 10 మి.లీ. రక్తం తీయాలి. ఒక్క వైడాల్ పరీక్ష పట్టుకుని టైఫాయిడ్ అనడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు, మానుకోవాల్సిన అలవాటు.

ఇస్నోఫీలియా ఉందన్నారు. అదేం జబ్బు?

ఈసినోఫిల్స్ పెరిగాయని దానర్థం, జబ్బు పేరు కాదు. చూడాల్సింది ఏఈసీ, అంటే ఈసినోఫిల్స్ అబ్సల్యూట్ కౌంట్. 500 వరకు మామూలు, 1,500 దాకా స్వల్పం, 5,000 దాటితే తీవ్రం. ఆస్తమా, అలర్జీ తుమ్ములు, తామర (ఎగ్జిమా) ఉన్నవాళ్లలో సాధారణంగా స్వల్పంగానే పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టిన మందు వల్ల ఒంటిమీద దద్దుర్లతో, జ్వరంతో పెరిగితే ఆ మందు వెంటనే ఆపించాలి.

నులిపురుగులు కణజాలంలో తిరుగుతున్నప్పుడు బాగా పెరుగుతాయి. కాళ్లకు చెప్పుల్లేకుండా పొలం మట్టిలో తిరిగేవాళ్లకు వచ్చే స్ట్రాంజిలాయిడ్స్ అనే నులిపురుగు ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అది ఉన్నట్టు తెలియక స్టెరాయిడ్లు మొదలుపెడితే ఈసినోఫిల్స్ అణిగిపోతాయి, పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం తీయొచ్చు. ఎక్కువ రోజుల స్టెరాయిడ్ కోర్సుకు ముందు ఈసినోఫిల్స్ ఎక్కువుంటే ఐవర్మెక్టిన్ అనే పురుగుల మందు గురించి డాక్టరును అడగడం మంచిది.

ఏఈసీ 3,000 దాటి, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని పొడిదగ్గు, పిల్లికూతలు ఉంటే ట్రాపికల్ పల్మనరీ ఈసినోఫీలియా అయ్యుండొచ్చు. బోదకాలు పురుగు పిల్లలకు ఊపిరితిత్తుల్లో జరిగే అతి ప్రతిస్పందన ఇది. గోదావరి డెల్టా లాంటి ఫైలేరియా ప్రాంతాల్లో పెరిగినవాళ్లకు ఆస్తమా అని ఇన్‌హేలర్లు ఇచ్చి ఊరుకుంటే తగ్గదు. మందు డైఇథైల్‌కార్బమజీన్, కిలో బరువుకు రోజుకు 6 మి.గ్రా. చొప్పున, మూడు విడతలుగా, సాధారణంగా మూడు వారాలు, డాక్టరు పర్యవేక్షణలో. ఆ మందు 1947లో వెలువడింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో నడిపిన పరిశోధన బృందం నుంచే.

పుట్టిన బిడ్డకు 22,000 వచ్చింది. భయపడాలా?

అంకె ఒక్కటే చూసి భయపడొద్దు. పుట్టిన మొదటి రోజున 9,000 నుంచి 30,000 దాకా ఉండొచ్చు. పుట్టిన మొదటి కొద్దిరోజులు తప్పితే, నాలుగైదేళ్ల దాకా పిల్లల్లో న్యూట్రోఫిల్స్ కంటే లింఫోసైట్సే ఎక్కువ, పెద్దవాళ్ల కొలతలు వాళ్లకు పనికిరావు. గర్భిణులకు 15,000 వరకు, పురిటినొప్పుల్లో 25,000 వరకు వెళ్లడం కూడా మామూలే.

బ్లడ్ కేన్సర్ అని ఎప్పుడు అనుమానించాలి?

స్లైడ్ మీద బ్లాస్ట్ కణాలు (మజ్జలోనే ఉండాల్సిన తొలిదశ కణాలు) కనిపించాయని రిపోర్టులో రాస్తే అదే రోజు హెమటాలజిస్టును (రక్త జబ్బుల డాక్టరును) కలవాలి. కౌంట్ లక్ష దాటినా అంతే. కానీ లుకీమియాలో, అంటే బ్లడ్ కేన్సర్‌లో కౌంట్ తప్పకుండా పెరుగుతుందనుకోవద్దు. పిల్లల్లో వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకీమియాలో 2,000, 3,000 కూడా ఉండొచ్చు. తెల్లకణాలు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు మూడూ కలిసి దెబ్బతినడం, రెండు వారాలుగా వదలని జ్వరం, ఎముకల నొప్పితో నడవనని మారాం, కారణం లేని కమిలిన మచ్చలు ఉంటే స్లైడ్‌ను పాథాలజిస్టు కళ్లతో చూడాలి. మిషన్ అంకె చాలదు. ఇలాంటి పిల్లలకు జబ్బేదో తేలకముందే స్టెరాయిడ్ ఇస్తే బ్లాస్ట్‌లు తాత్కాలికంగా మాయమై నిర్ధారణ చెడిపోతుంది.

పెద్దవాళ్లలో ఏ బాధా లేకుండా, కడుపులో ఎడమవైపు బరువుగా ఉందని వెళితే కౌంట్ లక్ష పైన, బేసోఫిల్స్ ఎక్కువ, ప్లీహం పెద్దది అని తేలితే అది క్రానిక్ మైలాయిడ్ లుకీమియా కావచ్చు. 2001లో ఇమాటినిబ్ వచ్చాక ఈ జబ్బున్నవాళ్లలో చాలామంది రోజూ మాత్రలు వేసుకుంటూ మామూలు జీవితం గడుపుతున్నారు.

కీమో నడుస్తోంది. జ్వరం వస్తే పొద్దున్నదాకా ఆగొచ్చా?

ఆగకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. కీమో ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ బాగా అడుగంటుతాయి. ఏఎన్‌సీ (న్యూట్రోఫిల్స్ అబ్సల్యూట్ కౌంట్) 1,500 కంటే తగ్గితే న్యూట్రోపీనియా, 500 కంటే తగ్గితే తీవ్రం. అప్పుడు ఒకసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చినా, 100.4 గంటసేపు నిలిచినా అది ఎమర్జెన్సీ. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి పడాలి. చీము పట్టడానికి న్యూట్రోఫిల్స్ ఉండవు కాబట్టి ఎక్స్‌రేలో మచ్చ, గొంతులో తెల్లపొర, గాయంలో ఎరుపు ఏమీ కనిపించకపోవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు చెప్పేది జ్వరం ఒక్కటే.

ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉండాలి. చంకలో పెడితే అసలు కంటే తక్కువ చూపుతుంది, నోట్లో పెట్టి చూడండి. మలద్వారంలో థర్మామీటరు, ఎనీమా వద్దు. జ్వరం చూసుకోకుండా పారాసిటమాల్ వేసుకోవద్దు, ఉన్న ఒక్క గుర్తూ చెరిగిపోతుంది. ఏ కీమో, ఏ తేదీన ఇచ్చారో రాసిన చీటీ ఎప్పుడూ వెంట ఉండాలి. ఊళ్లో చూపించుకునే డాక్టరుకు ఆ చీటీయే ఆధారం.

కౌంట్ పెంచే సూది, అంటే ఫిల్‌గ్రాస్టిమ్, కీమో అయిన కనీసం 24 గంటల తర్వాతే మొదలుపెట్టాలి. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌లో, ఫ్రిజ్ మధ్య అరలో ఉంచాలి. గడ్డకట్టకూడదు, కుదపకూడదు. నడుములో, తొడ ఎముకల్లో నొప్పి వస్తుంది, మజ్జ పనిచేస్తున్న గుర్తు అది. దానికి ఏ మాత్ర వేసుకోవచ్చో ముందే అడిగి పెట్టుకోండి.

తిండి విషయంలో భయాలు ఎక్కువ, ఆధారాలు తక్కువ. అప్పుడే వండిన వేడన్నం, పప్పు, ఉడికిన గుడ్డు, శుభ్రంగా కడిగి తొక్క తీసిన అరటి, బత్తాయి తినొచ్చు. బయట కోసి పెట్టిన పండ్లు, పానీపూరీ, చెరుకురసం, సగం ఉడికిన మాంసం వద్దు.

తెల్లకణాలు తగ్గించే మందులేవి?

థైరాయిడ్ ఎక్కువైనవాళ్లు వాడే కార్బిమజోల్ ఒకటి. వెయ్యిమందిలో కొద్దిమందికే, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, న్యూట్రోఫిల్స్ హఠాత్తుగా సున్నాకు పడతాయి. గొంతునొప్పి, జ్వరం, నోటిపూత వస్తే మాత్ర ఆపి అదే రోజు సీబీపీ చేయించాలి. మానసిక చికిత్సలో క్లోజపిన్ వాడేవాళ్లకు మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష పెట్టేదీ ఇందుకే. అజథయోప్రిన్, డాప్సోన్, కోట్రైమోక్సజోల్ కూడా ఈ జాబితాలోవే.

మెథోట్రెక్సేట్ గురించి విడిగా చెప్పాలి. ఇదీ సుబ్బారావు బృందం అందించిన మందే. దీనికి ముందు రూపమైన అమినాప్టెరిన్‌తోనే 1948లో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకీమియా పిల్లల్లో తాత్కాలిక ఉపశమనం చూపించాడు. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. చీటీ సరిగా చదవక రోజూ వేసుకుంటే వారం పది రోజుల్లో నోరంతా పుండ్లు పడి, మూడు రకాల కణాలూ పడిపోయి ప్రాణాపాయం వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దగా రాయించుకోండి, ఫోలిక్ యాసిడ్ వేరే రోజున వేసుకోండి. పొరపాటున రోజూ వేసుకున్నట్టు తెలిస్తే బాధలేవీ లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి, ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఎంత తొందరగా పడితే అంత మేలు.

సీడీ4 కౌంట్ మామూలు సీబీపీలో తెలుస్తుందా?

తెలియదు, కణాలను రకాలుగా విడదీసి లెక్కించే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష కావాలి. హెచ్‌ఐవీ చంపేది సీడీ4 అనే గుర్తున్న ఈ టీ కణాలనే. 500 పైన ఉండాల్సింది 200 కంటే తగ్గితే న్యుమోసిస్టిస్ న్యుమోనియా లాంటివి మొదలవుతాయి. 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంత ఉన్నా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) ఇస్తున్నారు, తగ్గేదాకా ఆగడం పాత పద్ధతి.

ల్యాబ్ తప్పు కావచ్చా?

కావచ్చు. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో గీత దాకా రక్తం పోసి, నెమ్మదిగా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయాలి. కలపకపోతే చిన్న గడ్డలు కట్టి కౌంట్ తగ్గుతుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే రక్తం పలచబడి అన్నీ తగ్గినట్టు వస్తాయి. నవజాత శిశువుల్లో, థలసీమియాలో కేంద్రకం ఉన్న ఎర్రకణాలను కొన్ని మిషన్లు తెల్లకణాలుగా లెక్కేస్తాయి. గుంపులు కట్టిన ప్లేట్‌లెట్లతోనూ అదే జరుగుతుంది. చిన్న ల్యాబ్‌లలో ఉండే త్రీ పార్ట్ మిషన్ ఈసినోఫిల్స్‌ను విడిగా చూపదు, మోనోసైట్స్‌తో కలిపి మిడ్ అని ఇస్తుంది. ఈసినోఫిల్స్ కోసమైతే ఫైవ్ పార్ట్ మిషన్, లేదా స్లైడ్.

చేత్తో లెక్కించి సరిచూడటం కష్టమేమీ కాదు. 20 మైక్రోలీటర్ల రక్తాన్ని 380 మైక్రోలీటర్ల టర్క్ ద్రావణంలో కలుపుతారు. అందులోని ఎసిటిక్ ఆమ్లం ఎర్రకణాలను పగలగొడుతుంది. న్యూబార్ చాంబరు అనే గళ్ల గాజుపలకలో నాలుగు మూలల గళ్లలో కణాలు లెక్కేసి 50తో గుణిస్తారు. 140 కనిపిస్తే 7,000. రోగి స్థితికీ మిషన్ అంకెకూ పొంతన లేనప్పుడు ఈ పని చేయమని అడిగే హక్కు మీకుంది.

ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలతో కౌంట్ పెరుగుతుందా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కౌంట్ పెంచుకోవాల్సిన పనే లేదు. రోగనిరోధక వ్యవస్థ మితిమీరితే వచ్చేవే అలర్జీలు, లూపస్, కీళ్లవాతం. నిజంగా లోపం ఉంటే దాన్ని సరిచేయాలి. బీ12, ఫోలేట్ తగ్గితే తెల్లకణాలు తగ్గుతాయి, స్లైడ్ మీద న్యూట్రోఫిల్స్‌కు ఆరేసి తమ్మెలు కనిపిస్తాయి. పాలు, పెరుగు కూడా సరిగా తీసుకోని శాకాహారుల్లో బీ12 లోపం సాధారణం. తిప్పతీగ కషాయం రోజుల తరబడి తాగి కాలేయం దెబ్బతిన్న కేసులు కోవిడ్ కాలంలో మన వైద్య పత్రికల్లోనే వచ్చాయి. ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది.

ప్లేట్‌లెట్లలాగా తెల్లకణాలు ఎక్కించరా?

చాలా అరుదుగా. గ్రాన్యులోసైట్లు (ముఖ్యంగా న్యూట్రోఫిల్స్) సేకరించిన 24 గంటల్లోపే ఎక్కించాలి, దాతకు ముందురోజు మందులివ్వాలి, రేడియేషన్ చేసి ఇవ్వాలి, పైగా అవి లోపల నిలిచేది కొన్ని గంటలే. మామూలు రక్తం ఎక్కిస్తే తెల్లకణాలు పెరగవు.

టెస్టు మళ్లీ ఎప్పుడు చేయించాలి?

డెంగీ అనుమానం ఉంటే రోజూ. వైరల్ జ్వరంలో తగ్గినవి రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి కాబట్టి, జ్వరం పోయి బాగున్నవాళ్లు అప్పుడు ఒకసారి చూసుకుంటే సరి. ఏ కారణమూ తెలియకుండా మూడు నెలలు అలాగే తక్కువగానో ఎక్కువగానో ఉంటే హెమటాలజిస్టు చూడాలి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని, వాడుతున్న మందుల అట్టలతో సహా తీసుకెళ్లండి. అయిదేళ్లుగా 3,600 దగ్గరే ఉన్న మనిషికీ, పోయిన నెల 8,000 ఉండి ఇవాళ 3,600కు వచ్చిన మనిషికీ చేయాల్సిన పరీక్షలు వేరు.